పది ఫీల్డుల లెక్క

మా అమ్మ కల్లంలో కూర్చుని తాలు ఏరేది. నాగులేటి అవతల మేం కౌలుకు చేసిన ఎకరంన్నర మిరప సంక్రాంతి దాటాక కోతకొచ్చి, కారంపూడి ఎండలో కల్లమంతా ఎర్రగా పరుచుకునేది. ఎర్రకాయ ఒక గోతంలోకి, తెల్లబారిన తాలుకాయ ఇంకో గోతంలోకి. పదేళ్లవాణ్ణి, నేనూ పక్కన చేరి ఏరేవాణ్ణి. నేను మంచివని వేసిన కాయల్లోంచి అమ్మ నాలుగైదు బయటికి తీసేది. పైకి చూస్తే అవీ ఎర్రగానే ఉండేవి. "ఇది తాలని ఎట్టా తెలిసిందమ్మా?" అంటే, "చూస్తే తెలవదంట్రా!" అనేది. అంతకుమించి చెప్పేది కాదు. మూడో ఏడు వచ్చేసరికి నా చేతికీ ఆ తేడా పట్టుబడింది. ఎలా పట్టుబడిందో నేనూ చెప్పలేను.

ఆ తర్వాత 33 ఏళ్లు గుంటూరులో పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేశాను. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో పొదిగి, పలచటి పొరలుగా కోసి, రంగు వేసి, గాజు పలక మీద డాక్టరు ముందు పెట్టడం నా పని. చేరిన కొత్తలో, 1986లో, ఒక సాయంత్రం మా డాక్టరు మేడమ్ పిలిచారు. "నువ్వు కోసిన స్లైడేనయ్యా, ఒకసారి చూడు" అన్నారు. గులాబీ రంగు నేల మీద వందల నీలం చుక్కలు. వాటి మధ్య ఒక కణంలో ముదురు నీలం కడ్డీ అడ్డంగా ఉంది, దాని అంచులకు గొంగళిపురుగుకు ఉన్నట్టు సన్నటి నూగు. "ఇది రెండుగా విడిపోబోతున్న కణం. మైటోసిస్ అంటాం" అన్నారు. స్లైడు వెంట్రుకవాసి జరిపారు. ఇంకో ముదురు నీలం ముద్ద. "ఇది కాదు. ఇది చచ్చిపోతున్న కణం." నా కళ్లకు రెండూ ఒకటే. ఎట్టా తెలిసింది మేడమ్ అన్నాను. రెండోదానికి అంచు నున్నగా ఉంది, చుట్టూ ఉన్న భాగం ఎర్రబారి ముడుచుకుపోయింది అని గుర్తులు చెప్పి, "ఇవన్నీ తర్వాత చెప్పుకునే మాటలయ్యా. చూడగా చూడగా ముందు కంటికి తెలుస్తుంది" అన్నారు.

మా అమ్మ మాటే అది. ఇప్పుడు కంప్యూటరుకు నేర్పుతున్న విద్య కూడా అదే. మైటోసిస్‌ను గుర్తుపట్టే డీప్ లెర్నింగ్ గురించి పేపర్లలో వచ్చినప్పుడల్లా ఆ కథ 2012లో మొదలైనట్టు రాస్తారు. అంతకుముందు 130 ఏళ్లు రంగు, గాజు, కళ్లు నడిపిన కథ ఉంది. అందులో చివరి ముక్క కొంత నా చేతుల మీదుగా నడిచింది కాబట్టి రాస్తున్నాను.

జర్మనీలోని కీల్ నగరంలో వాల్తర్ ఫ్లెమింగ్ అనే ప్రొఫెసర్ సాలమాండర్ పిల్లల తోక రెక్కలు, మొప్పలు తీసుకుని, వాటికి రంగులు పట్టించి చూశాడు. సాలమాండర్ అంటే బల్లిలా కనిపించే ఉభయచర ప్రాణి. దాని కణాలు పెద్దవి, అందుకే దాన్ని ఎంచుకున్నాడు. కేంద్రకంలో రంగు పట్టిన పదార్థం దారాల్లాగా విడివడి, వరస కట్టి, రెండు పాయలై చెరోవైపుకు పోవడం చూశాడు. గ్రీకులో దారానికి ఉన్న మాట పట్టుకుని దానికి మైటోసిస్ అని పేరు పెట్టాడు. 1882లో పుస్తకం వేశాడు. పత్తి వడికే ఊళ్లలో పుట్టినవాళ్లకు ఈ పేరు వెంటనే అర్థమవుతుంది. ఏకులోంచి దారం తీసినట్టే ఉంటుంది ఆ దశ.

ఎనిమిదేళ్ల తర్వాత, 1890లో, బెర్లిన్‌లో పాథాలజిస్టు విర్కో దగ్గర పనిచేసిన డేవిడ్ హాన్సెమన్ క్యాన్సరు గడ్డల్లో ఈ విభజన వంకర పోవడం గమనించాడు. దారాలు రెండు సమాన పాయలుగా పోకుండా ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ, ఒక్కోసారి మూడు వైపులకూ పోతున్నాయి. గడ్డ ఎంత చెడ్డదో కణం విడిపోయే తీరు చెబుతుందన్న ఆలోచనకు పునాది అక్కడే పడింది. ఆ విభజనను ఆపగల మందుకు దారి చూపినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో లుకేమియా పిల్లలకు కొంతకాలమైనా వ్యాధి తగ్గిందని సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు 1948లో ప్రకటించాడు. అదే ఏడు సుబ్బారావు గారు పోయారు. ఆ మందు చెల్లెలు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుకలో ఉంది. అది పడితే కణం కొత్త డీఎన్ఏ తయారుచేసుకోలేదు, విడిపోలేదు.

రంగు సంగతి తీరిగ్గా చెప్పాలి. అది నా పని.

పాథాలజీలో కేంద్రకానికి నీలం పట్టించేది హెమటాక్సిలిన్. అది ఒక చెట్టు చేవలోంచి వస్తుంది. మెక్సికోలో కాంపెచే అనే తీర ప్రాంతం ఉంది, ఆ చెట్టుకు ఆ ఊరి పేరే. స్పెయిన్ వాళ్లు ఆ దుంగల్ని ఓడలకెత్తి యూరప్‌కు తీసుకుపోయి బట్టలకు అద్దకం వేసుకున్నారు. గుడ్డకు పట్టిన రంగు కండకూ పడుతుందేమోనని 19వ శతాబ్దంలో ప్రయత్నించారు. ఒంటరిగా అది పట్టలేదు. 1865లో బోమర్ అనే ఆయన దానికి పటిక కలిపాడు, పట్టింది. పటిక రంగుకూ కేంద్రకానికీ మధ్య పీటముడి వేస్తుంది. పెడనలో కలంకారీ అద్దేవాళ్లు పటిక వాడేది కూడా ఇందుకే. వానాకాలం నాగులేటి నీళ్లు బురదగా వస్తే మా అమ్మ బిందెలో పటిక తిప్పేది. ల్యాబులో మొదటిరోజు పటిక డబ్బా చూసినప్పుడు ఇల్లు గుర్తొచ్చింది.

హెమటాక్సిలిన్ పొడి కరిగించగానే పనికిరాదు. పండాలి. ఎర్లిక్ అనే ఆయన పద్ధతిలో కలిపిన ద్రావణాన్ని తెల్ల సీసాలో పోసి, మూతికి దూది పెట్టి, ఎండ తగిలే కిటికీలో రెండు నెలలు ఉంచేవాళ్లం. ఆవకాయ జాడీని చూసుకున్నట్టు చూసుకోవాలి. అంత ఆగలేకపోతే 1900లో హారిస్ చెప్పిన దారి. ద్రావణం మరుగుతుండగా మెర్క్యూరిక్ ఆక్సైడ్ ఎర్ర పొడి వేస్తే, కళ్లముందే ముదురు ఊదా రంగుకు తిరుగుతుంది. వెంటనే పాత్రను చల్లటి నీళ్లలో దించాలి. ఆలస్యమైతే రంగు ముదిరిపోయి చెడుతుంది. చల్లారాక వడకట్టాలి, వాడే ప్రతి ఉదయమూ మళ్లీ వడకట్టాలి. ఈ వడకట్టడం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

రంగులో ముంచి తీసిన స్లైడు మొదట ఎర్రటి ఊదాగా ఉంటుంది. కుళాయి కింద పెడితే నీలానికి తిరుగుతుంది. సున్నం ఎక్కువున్న మన నీళ్లు ఆ పనికి బాగా కుదురుతాయి. ఆ పైన ఇయోసిన్ గులాబీ. నేను పొర కోయడం నేర్చుకున్నది రాకింగ్ మైక్రోటోమ్ మీద. 1885లో కేంబ్రిడ్జిలో దాన్ని రూపొందించినవాడు హొరేస్ డార్విన్, చార్లెస్ డార్విన్ కొడుకు. కత్తిని మంగలి తోలు పట్టీ మీద నూరినట్టు నూరేవాళ్లం. పొర మందం మిల్లీమీటరులో వెయ్యి భాగాలు చేస్తే నాలుగైదు భాగాలు. మందం పెరిగితే కణాల మీద కణాలు ఎక్కి డాక్టరు లెక్క తప్పుతుంది.

లెక్క అన్నాను కదా. 1928లో లండన్‌లో పేటీ, స్కార్ఫ్ అనే ఇద్దరు రొమ్ము క్యాన్సరు గడ్డలకు గ్రేడు వేయడం మొదలుపెట్టారు. 1957లో బ్లూమ్, రిచర్డ్‌సన్ దానికి మార్కులు పెట్టారు. 1991లో నాటింగ్‌హామ్‌లో ఎల్‌స్టన్, ఎల్లిస్ దాన్ని దిద్ది స్థిరపరిచారు. గొట్టాల ఆకారం ఎంత నిలిచింది, కేంద్రకాలు ఎంత వికారంగా ఉన్నాయి, విడిపోతున్న కణాలు ఎన్ని. ఈ మూడింటికీ ఒకటి నుంచి మూడు దాకా మార్కులు. మూడోదానికి 40 రెట్ల కటకం పెట్టి, గడ్డలో విభజన ఎక్కువున్న చోట, సాధారణంగా అంచు దగ్గర, పది ఫీల్డులు చూసి లెక్కపెట్టాలి. ఫీల్డు అంటే కటకంలో ఒకసారికి కనిపించే గుండ్రటి చోటు.

ఇక్కడ చాలామందికి తెలియని తిరకాసు ఉంది. అన్ని మైక్రోస్కోపుల ఫీల్డూ ఒక్క సైజులో ఉండదు. ఒకదానిలో అడ్డుకొలత 0.40 మిల్లీమీటర్లు, ఇంకోదానిలో 0.63. విస్తీర్ణంలో రెండోది దాదాపు రెండున్నర రెట్లు. అందుకే పట్టిక వేశారు. పది ఫీల్డుల్లో పది మైటోసిస్‌లు దొరికితే చిన్న ఫీల్డు మైక్రోస్కోపులో అది మూడు మార్కుల గడ్డ, పెద్ద ఫీల్డులో అదే పది ఒక మార్కు. ఫీల్డు కొలత రాయకుండా "10కి 10" అని మాత్రం రాసిన రిపోర్టుకు విలువ లేదని మా మేడమ్ ప్రతి కొత్త పీజీకీ చెప్పేవారు. ఇప్పుడు చదరపు మిల్లీమీటర్లలో రాయమంటున్నారు. చాలా ముందే రావాల్సిన మార్పు అది. అయినా ఒకే స్లైడు ఇద్దరు డాక్టర్లకు ఇస్తే లెక్క రెండు రకాలుగా రావడం నేను కళ్లారా చూశాను. ఇద్దరూ పనిమంతులే. మధ్యాహ్నం వరకు ముప్పై స్లైడ్లు చూసిన కన్ను అది.

యంత్రం దగ్గరికి పోయే ముందు మా పిన్ని సంగతి. ఆమె రొమ్ములో గడ్డకు ఒక నర్సింగ్ హోంలో ముక్క తీసి, ఉప్పునీళ్ల సెలైన్ పోసిన ఇంజెక్షన్ సీసాలో వేసి మా తమ్ముడి చేతికిచ్చారు. మే నెల. ఆ వారమంతా రేడియోలో రెంటచింతల ఎండే వార్త. ముక్క బస్సులో గుంటూరు చేరేసరికి సాయంత్రమైంది. 1893లోనే ఫెర్డినాండ్ బ్లూమ్ అనే జర్మన్ డాక్టరు ఫార్మలిన్ కండను గట్టిపరిచి నిలబెడుతుందని చెప్పాడు. క్రిమినాశకంగా పనికొస్తుందా అని చూస్తుంటే తన వేళ్ల చర్మమే బిరుసెక్కడం గమనించి కనిపెట్టిన సంగతి అది. ముక్క తీయగానే దానికి పదింతల ఫార్మలిన్‌లో పడాలి. పడకపోతే విడిపోతున్న కణాలు కొన్ని విడిపోవడం ముగించేస్తాయి, మిగతావి ముడుచుకుని నల్ల ముద్దలైపోతాయి. పిన్ని స్లైడు నేనే కోశాను, నేనే రంగు వేశాను. మేడమ్ గంటసేపు చూసి, "క్యాన్సరే. కానీ లెక్క చెప్పలేనయ్యా, అన్నీ ముద్దలే" అన్నారు. మళ్లీ ముక్క తీయాల్సి వచ్చింది. రెండోసారి కత్తి కింద పడుకోవడానికి పిన్ని ఎంత ఏడ్చిందో నాకు తెలుసు.

మైటోసిస్‌ను కంప్యూటరు చేత గుర్తుపట్టించే ప్రయత్నాలు చాలా పాతవి. మొదట్లో మనిషే నియమాలు రాసేవాడు, ఇంత ముదురు నీలం, ఇంత పొడవు, అంచు ఇంత గరుకు అని. మా అమ్మను కూర్చోబెట్టి తాలుకాయకు నిర్వచనం రాయమన్నట్టు. 2012లో ఐసీపీఆర్ అనే అంతర్జాతీయ సదస్సు తరఫున పోటీ పెట్టారు. పారిస్ ఆసుపత్రి ఒకటి ఇచ్చిన ఐదు రొమ్ము క్యాన్సరు స్లైడ్ల నుంచి 50 ఫీల్డులు, వాటిలో పాథాలజిస్టులు గుర్తుపెట్టిన మైటోసిస్‌లు మూడు వందల పైచిలుకు. స్విట్జర్లాండ్ లుగానోలోని ఇడ్సియా పరిశోధన సంస్థకు చెందిన సిరెషాన్, జూస్టీ, గాంబర్‌డెల్లా, ష్మిడ్‌హూబర్ నెగ్గారు. వాళ్లు నియమాలేవీ రాయలేదు. 101కి 101 పిక్సెళ్ల చిన్న చిన్న ముక్కలు చూపించి, ఇది అవును, ఇది కాదు అని చెబుతూ పోయారు. తప్పినప్పుడల్లా వాళ్ల డీప్ లెర్నింగ్ నెట్‌వర్క్ లోపలి అంకెలు కాస్త కాస్త సవరించుకున్నాయి. నా గోతంలోంచి అమ్మ నాలుగు కాయలు తీసి పక్కన పెట్టినట్టే. ఉన్న ప్రతి వంద మైటోసిస్‌లలో 70 పట్టుకుంది, అవునన్న వందలో 88 నిజం. రెండూ కలిపి వేసే మార్కు 0.78.

మరుసటి ఏడాది యుట్రెక్ట్ వైద్య కేంద్రం వాళ్లు అమీడా-13 పేరుతో ఇంకో పోటీ పెట్టారు. ఈసారి 23 మంది రోగులు. 12 మందివి నేర్చుకోవడానికి, వేరే 11 మందివి పరీక్షకు. నెగ్గింది మళ్లీ ఇడ్సియానే, కానీ మార్కు 0.61. నా దృష్టిలో ఈ చరిత్రలో అతి ముఖ్యమైన అంకె ఇదే. మొదటి పోటీలో నేర్చుకున్న ఫీల్డులూ పరీక్ష ఫీల్డులూ ఆ ఐదు స్లైడ్లవే. ఒకే కల్లంలో నేర్చుకుని అదే కల్లంలో పరీక్ష రాసినట్టు. కొత్త మనుషులు, కొత్త గడ్డలు వచ్చేసరికి తడబడింది. 2021లో మిడాగ్ అనే పోటీ నేరుగా ఈ తడబాటు మీదే పెట్టారు. స్లైడును ఫొటో తీసే నాలుగు రకాల స్కానర్లు, ఒక్కోదానిలో 50 కేసులు, పరీక్షలో అంతకుముందు చూడని స్కానర్లు కూడా. ఒక స్కానరు గులాబీని కొంచెం ఎర్రగా తీస్తుంది, ఒకటి నీలాన్ని పలచన చేస్తుంది. మొదటి స్థానం మార్కు 0.748. తర్వాత కుక్కల గడ్డలనూ కలుపుకుని ఏడు రకాల గడ్డలు, 503 కేసులు, 11,937 మైటోసిస్‌ల భాండారం తయారుచేసి అందరికీ తెరిచిపెట్టారు. ప్రతి గుర్తు వెనకా ఒక్కరు కాకుండా ఇద్దరు పాథాలజిస్టుల తీర్పు ఉంది, వాళ్లకు పొసగనిచోట మూడోవారిది. ఇద్దరు అవునంటే అవును.

రెండేళ్ల కిందట కార్తీక అమావాస్యకు, మా కారంపూడి వీరుల తిరునాళ్లకు, హైదరాబాదులో చదువుకుంటున్న మేనల్లుడు వచ్చాడు. ఆ తిరునాళ్లలో మందపోరు రోజు అందరితో కలిసి చాపకూడు తిని వచ్చి, అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచి, "మావయ్యా, నీ పాత పనే ఇది" అన్నాడు. అలా తెరిచిపెట్టిన బొమ్మల్లో ఒకటి. మోడల్ మైటోసిస్ అన్న చోటల్లా ఆకుపచ్చ చదరం. ఎనిమిది చదరాలు. ఆరు చూడగానే మా మేడమ్ గుర్తొచ్చారు, అంత చక్కగా పట్టుకుంది. ఒకటి నాకు అనుమానం. ఎనిమిదోది మాత్రం నా గుండెకు తగిలింది. ముదురు నీలం, అంచులు గరుకు, అచ్చం మైటోసిస్.

"అది కణం కాదురా" అన్నాను. "రంగు వడకట్టలేదు. మట్టి."

హెమటాక్సిలిన్ నిలవుంటే పైన తెట్టు కడుతుంది. వడకట్టకుండా వాడితే ఆ నలుసు పొర మీద పడి ఎండుతుంది. మైక్రోస్కోపు దగ్గర డాక్టరు ఫోకస్ సరిచేసే సన్నమర అర చుట్టు తిప్పితే కణాలు మసకబారి నలుసు తేటపడుతుంది, కణాల పైన వేరే ఎత్తులో ఉందని తెలిసిపోతుంది. స్కాన్ చేసిన బొమ్మకు ఆ ఎత్తు లేదు, ఒక్క ఎత్తులో తీసిన ఫొటో అది. వాడు చాలాసేపు చూసి, "ఇది దానికి ఎలా చెప్పాలి మావయ్యా?" అన్నాడు. ఇలాంటి మట్టి పడిన స్లైడ్లు వంద పోగుచేసి, కాదు అని గుర్తుపెట్టి చూపించమన్నాను. అలా కాదన్న ఉదాహరణలు ఏరి మళ్లీ నేర్పే పద్ధతి ఈ రంగంలో మొదటినుంచీ ఉందట. ఆ ఏరేవాళ్లలో స్లైడు కోసినవాడు ఉండటం లేదు. ఉండాలని నా గట్టి నమ్మకం.

మన స్లైడ్లు ఉండాలన్నది రెండోది. నేను చెప్పిన పోటీ భాండారాలన్నీ విదేశీ ల్యాబుల స్లైడ్ల చుట్టూ తిరిగినవే. మన ల్యాబుల్లో చాలాచోట్ల ఇంకా చేత్తోనే రంగు వేస్తారు. సోమవారం స్లైడుకూ శనివారం స్లైడుకూ రంగు తేడా ఉంటుంది, నాకు తెలుసు. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రి, ట్రిపుల్ ఐటీ కలిసి 367 మంది రోగుల మెదడు గడ్డల స్లైడ్లు 547 స్కాన్ చేసి 2024లో ప్రకటించాయి. ఆ వార్త చదివిన రోజు నాకు ఎంతో తృప్తి కలిగింది. అది గడ్డ రకం తేల్చడానికి చేసిన భాండారం. మైటోసిస్‌కు మన జిల్లా ఆసుపత్రుల స్లైడ్లతో, మన రంగుతో, మన ఎండతో అలాంటిది రావాలి. బీరువాల్లో దశాబ్దాల మైనపు బ్లాకులు ఉన్నాయి. బ్లాకు జాగ్రత్తగా ఉంటే ఎన్నేళ్లకైనా మళ్లీ పొర కోయవచ్చు, నేను కోశాను.

ఇది చదివేవాళ్లకు ఒక మాట. మీ ఇంట్లో ఎవరికైనా గడ్డ ముక్క తీస్తే, తీసేముందే ఫార్మలిన్ సీసా సిద్ధంగా ఉందా అని అడగండి. ముక్క అందులో బాగా మునిగిందో లేదో చూసుకోండి, ఏ టైముకు వేశారో సీసా మీద రాయించండి. రిపోర్టు మీద ఉన్న బ్లాకు నంబరు విడిగా రాసి పెట్టుకోండి. మా పిన్ని రెండో ముక్కకు సీసా నేనే తీసుకెళ్లాను.